అధ్యక్షులవారి ఛాతీ మచ్చ

సిటీ బస్సుల డిపోలో కార్మిక సంఘం అధ్యక్షుడికి ఛాతీ నడిమధ్యన ఒక మచ్చ ఉండేది. మచ్చ అంటే ఏదో రంగు మారిన చర్మం అనుకునేరు. ఎర్రగా, నున్నగా, మెరుస్తూ, వేలు మందాన పైకి లేచి, రెండు పక్కలకీ కొమ్ములు సాచిన కండ అది. చొక్కా పై గుండీలు రెండు తీస్తే చాలు, వెనక వరసల్లో నిలబడ్డవాళ్ళకి కూడా కనబడేది. సంఘం సభల్లో ఆయన ఆ గుండీలు తియ్యకుండా ఉపన్యాసం ముగించిన పాపాన పోలేదు.

"ఈ దెబ్బ నా ఒక్కడి ఛాతీ మీద పడింది కాదు, మీ అందరి ఛాతీల మీదా పడింది" అనేవాడు. ఆ మాటకి చప్పట్లు మోగేవి. జీతాలు ఎందుకు పెరగలేదు, పాత టైర్లు ఎందుకు మార్చలేదు అని అడగడానికి వచ్చినవాళ్ళు కూడా ఆ చప్పట్లలో తమ ప్రశ్నలు మరిచిపోయి ఇంటికి వెళ్ళేవారు.

అసలు జరిగింది వేరు. చాలా ఏళ్ళ కిందట, పెద్ద సమ్మె రోజున డిపో గేటు దగ్గర పోలీసులు లాఠీలు ఎత్తారు. అప్పటికి ఆయన మామూలు డ్రైవరు. అందరితోపాటు ఆయనా పరుగు లంకించుకున్నాడు. పరిగెత్తుతుండగా తొడల వెనక రెండు దెబ్బలు పడ్డాయి. గట్టి దెబ్బలే. వారంపాటు కుర్చీలో కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడి భోజనం చేశాడు. భార్య వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది. ఆ దెబ్బలు మాత్రం ఎంత మర్యాదగా వచ్చాయో అంత మర్యాదగా వెళ్ళిపోయాయి. గుర్తుకైనా ఒక్క గీత మిగల్లేదు.

ఛాతీ మీది మచ్చ ఆ తరవాత కొన్ని నెలలకి లేచిన ఒక మొటిమ తాలూకుది. ఎర్ర దీపం దగ్గర బస్సు ఆగినప్పుడల్లా ఊసుపోక దాన్ని గిల్లేవాడు. మొటిమ మానింది. మానాక ఆగాలి కదా, ఆగలేదు. లోపలినుంచి కండ పోసుకుంటూ రోజురోజుకీ పెరిగింది. ఒకనాడు డిపో కొళాయి దగ్గర చొక్కా విప్పి మొహం కడుక్కుంటుంటే ఒక కండక్టరు చూసి, "అన్నా, ఇది ఆ రోజు తగిలిన దెబ్బేనా?" అన్నాడు. ఆ సమయానికి ఆయన నోటినిండా నీళ్ళున్నాయి. పుక్కిలించి ఉమ్మేసి జవాబు చెబుదామనుకునేలోగా కండక్టరు ఇంకో ఇద్దర్ని కేకేసి పిలిచాడు. సాయంత్రానికి డిపో అంతా పాకింది. ఆ ఏడు ఎన్నికల్లో ఆయన మీద నిలబడ్డ మనిషికి సంఘం నిబంధనలన్నీ కంఠతా వచ్చు గానీ ఒంటిమీద ఎక్కడా దెబ్బ లేదు. ఓడిపోయాడు.

అలా అధ్యక్షుడయ్యాక మచ్చ చరిత్ర కూడా ఆయనతోపాటు పైకొచ్చింది. మొదట లాఠీ దెబ్బ. తరవాత తుపాకీ మడమ. ఒక సభలో ఎవరో గుర్రం డెక్క అన్నారు. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ రోజు అక్కడ గుర్రాలు లేవన్న సంగతి మాత్రం ఆయనకి బాగా తెలుసు.

ఇంట్లో ఆయన భార్య కుట్టుపని చేసేది. ముందు గదిలోనే మిషను. సంఘానికి కావలసిన బ్యానర్లు కూడా ఆవిడే కుట్టిపెట్టేది. మొటిమ సంగతి ఆవిడకి తెలుసు. కాపడం సంగతీ తెలుసు. భర్త సభలో మాట్లాడిన రోజున మిషను మామూలుకన్నా గట్టిగా తొక్కేది తప్ప నోరు విప్పి ఏమీ అనేది కాదు.

ఇలా ఉండగా మచ్చ దురద పెట్టడం మొదలైంది.

దురదంటే ఒక గోకుడుతో పోయే దురద కాదు. లోపల ఎక్కడో చీమలు బారులు తీరినట్టు ఉండేది. గోకితే మంట, మానితే దురద. బస్సు నడుపుతుంటే సీటు బెల్టు సరిగ్గా దానిమీదే రాసుకునేది. సభలో మాట్లాడుతూ ఉండబట్టలేక అరచేత్తో టపటపా కొట్టుకునేవాడు. జనం ఆవేశం అనుకున్నారు. తమ కోసం గుండె బాదుకుంటున్నాడని ముందు వరసలో ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

భార్య చొక్కాల లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టింది. లాభం లేకపోయింది. మందుల షాపులో పనిచేసే కూతురు నాలుగు రకాల పూతమందులు తెచ్చింది. అవీ పని చెయ్యలేదు. చివరికి కూతురు, "నాన్నా, ఇది పూతలకి లొంగేది కాదు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్దాం పద" అంది.

"ఎలా వెళ్తానమ్మా? ఎవరైనా చూస్తే?"

"చూస్తే ఏమవుద్ది? దురద పెడితే డాక్టరు దగ్గరికి వెళ్ళారంటారు."

"దెబ్బకి దురదేంటంటారు" అన్నాడు అధ్యక్షుడు దిగులుగా.

అయినా వెళ్ళక తప్పలేదు. చర్మం డాక్టరు నడివయసు మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మచ్చని వేళ్ళతో నొక్కి, పక్కలకి లాగి చూసింది.

"కీలాయిడ్ అంటారు దీన్ని. ఎలా వచ్చింది?"

అధ్యక్షుడు కూతురి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "సమ్మెలో లాఠీ దెబ్బ, డాక్టరుగారూ."

"చీరుకుపోయిందా? కుట్లు వేశారా?"

"కుట్లంటే... అంత దాకా రాలేదండి."

"చర్మం తెగకుండా ఇంత కీలాయిడ్ రావడం అరుదే" అంది డాక్టరు. "తెగిందంటే ఎంత చిన్నదైనా చాలు. దోమకాటు, చెవి కుట్టించుకున్న రంధ్రం, మొటిమ. ఛాతీ మధ్యలో ఎక్కువగా మొటిమలకే చూస్తుంటాను."

అధ్యక్షుడు గోడమీది ఫ్యాను రెక్కల వైపు శ్రద్ధగా చూడసాగాడు. కూతురు తండ్రి వైపు అంతకన్నా శ్రద్ధగా చూసింది.

"కోసి పారెయ్యకూడదా అండి? ఒక్కసారికి పీడ వదులుతుంది" అన్నాడాయన మాట మారుస్తూ.

"ఉత్తినే కోసి వదిలేస్తే ఆ కోత కూడా ఒక గాయమే కదా. దానిమీద ఇంతకన్నా పెద్దది లేవొచ్చు. గాయం మాన్పడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో మీ చర్మానికి తెలియడం లేదు. అదీ జబ్బు." ఆవిడ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "ముందు కొన్నాళ్ళు మచ్చలోకే ఇంజెక్షన్లు ఇస్తాను, మెత్తబడుతుంది. తరవాత లేజరు. లోపలికి రక్తం తెచ్చే సన్నటి నాళాలుంటాయి, ఆ ఎరుపుని పట్టుకుని కొడుతుంది లేజరు. దురద తగ్గుతుంది, ఎత్తు తగ్గుతుంది. మొత్తంగా మాయమైపోతుందని మాత్రం నేను చెప్పను. చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి."

అంత నిక్కచ్చిగా, చప్పట్లు ఆశించకుండా మాట్లాడే మనిషిని అధ్యక్షుడు చాలాకాలానికి చూశాడు. ఆయనకి కాస్త భయం కూడా వేసింది.

ఇంజెక్షన్లు గుట్టుగానే సాగాయి. నొప్పికి పళ్ళు బిగపట్టేవాడు, బయటికొచ్చి పంటినొప్పి అని చెప్పేవాడు. మచ్చ మెత్తబడింది. లేజరు తేదీ ఖాయమయ్యాక గానీ విషయం కార్యదర్శి చెవిన పడలేదు.

కార్యదర్శిని డిపోలో అందరూ సవరణ అని పిలుస్తారు. ఎవరు ఏ మాటన్నా దానికో సవరణ ప్రతిపాదించడం అతని అలవాటు. టీ తాగుదామంటే కూడా, "సవరణ ఏంటంటే, ముందు మంచినీళ్ళు తాగుదాం" అనే రకం. అతను వెంటనే కార్యవర్గాన్ని సంఘం గదిలో సమావేశపరిచాడు. విరిగిన బస్సు సీట్లే ఆ గదిలో కుర్చీలు. వాటిలో కూర్చుంటే అందరూ ఎక్కడికో ప్రయాణమైపోతున్నట్టు ఒకే వైపు చూస్తూ ఉండాలి.

"అన్నా, ఎన్నికలు నెత్తిమీద ఉన్నాయి" అన్నాడు సవరణ. "ఇప్పుడు నువ్వు మచ్చ తీయించుకుంటే మనం ఏం చూపించి ఓట్లడగాలి?"

"దురదరా. నిద్ర లేదు."

"నాయకత్వమంటే దురద ఉంటుందన్నా."

కోశాధికారి మెల్లగా, "పోనీ సగం తీయించుకుంటే?" అన్నాడు.

సవరణ తల అడ్డంగా ఊపాడు. "ఆ మచ్చ అధ్యక్షుడిది అనుకోవడమే తప్పు. అది కార్మికులది. సర్వసభ్య సమావేశం ఆమోదం లేకుండా దాని ఆకారంలో గానీ, రంగులో గానీ, ఎత్తులో గానీ ఎలాంటి మార్పూ చెయ్యరాదని తీర్మానం పెడుతున్నా."

తీర్మానం నెగ్గింది. వ్యతిరేకించినవాడు అధ్యక్షుడొక్కడే. సొంత వ్యవహారం గనక ఆయన ఓటు చెల్లదని సవరణ కొట్టిపారేశాడు.

సరిగ్గా ఆ సమయానికి కొత్త బ్యానరు ఇవ్వడానికి వచ్చిన అధ్యక్షుడి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. బ్యానరు బల్లమీద పెట్టి, "మచ్చ సంఘానిదేనా తమ్ముడూ?" అని అడిగింది.

"సంఘానిదే వదినా."

"అయితే రాత్రిపూట గోకడానికి కూడా సంఘం నుంచి వంతులవారీగా మనుషుల్ని పంపండి. నాకు చేతులు నొప్పెడుతున్నాయి."

కార్యవర్గం ఒకరి మొహాలు ఒకరు చూసుకుందామనుకుంది గానీ ఆ సీట్లలో కుదరలేదు. ఆవిడ భర్త వైపు తిరిగి, "ఏవండీ, గురువారం మిమ్మల్ని నేను తీసుకెళ్తున్నా" అంది. అంతటితో తీర్మానం వీగిపోయింది.

లేజరు గదిలో ఆయన కళ్ళకి నల్లటి అద్దాలు పెట్టారు. డాక్టరు మచ్చమీద చల్లటి గాలి వదిలి, "రబ్బరు బ్యాండు లాగి కొట్టినట్టు ఉంటుంది, కదలకండి" అంది. టక్, టక్ మని చప్పుడు. ప్రతి దెబ్బకీ మూసిన రెప్పల వెనక ఒక మెరుపు. రబ్బరు బ్యాండు అన్న మాట కాస్త తగ్గించి చెప్పినట్టు అనిపించిందాయనకి. అయినా కదల్లేదు. పారిపోవడానికి దారి లేని చోట దెబ్బలు తిని నిలబడటం ఆయన జీవితంలో అదే మొదటిసారి, అదీ పడుకుని.

పనయ్యాక అద్దంలో చూసుకుని అదిరిపడ్డాడు. మచ్చ పొడుగునా నాణేల్లాంటి గుండ్రటి మరకలు, వంగపండు రంగులో.

"కంగారేం లేదు, పది పన్నెండు రోజుల్లో పోతాయి" అంది డాక్టరు. "ఎండ తగలనివ్వకండి. సభలూ అవీ ఉంటే గుండీలు పెట్టుకుని మాట్లాడండి."

ఆయన అలాగేనన్నాడు. నిజంగానే అలాగే చేద్దామనుకున్నాడు. ఆ రాత్రి చాలా నెలల తరవాత గోక్కోకుండా నిద్రపోయాడు. భార్య తెల్లవారి చెప్పేదాకా ఆయనకే తెలీదు.

ఎన్నికల సభ డిపో ఆవరణలో, బస్సులు కడిగే చోట జరిగింది. ఈసారి ఆయన మీద వర్క్‌షాపు మెకానిక్ ఒకడు నిలబడ్డాడు. బాగా మాట్లాడతాడు. "అధ్యక్షులవారు మచ్చకి వైద్యం చేయించుకుంటున్నారని విన్నాం. పోరాటం గుర్తుని చెరిపేసుకునే నాయకుడు రేపు మన హక్కుల్ని మాత్రం చెరిపెయ్యడా? ఏదీ, ఒకసారి చూపించమనండి" అన్నాడు. చూపించు, చూపించు అని వెనకనుంచి అరిచారు.

అధ్యక్షుడు మైకు దగ్గరికి వచ్చాడు. సవరణ పక్కనుంచి, "వద్దన్నా, జలుబని చెప్పు" అని గొణిగాడు. ఎన్నో ఏళ్ళ అలవాటుకి చేతులు వాటంతటవే గుండీల మీదికి పోయాయి.

ముందు వరస మెడలు సాచింది. ఎత్తు తగ్గిన మచ్చని ఎవరూ చూడలేదు. దానిమీద వరసగా తేలిన ఊదారంగు కమిలిన గుర్తుల్నే చూశారు. అప్పుడే కొట్టినట్టు తాజాగా ఉన్నాయవి.

"మళ్ళీ కొట్టార్రా" అన్నాడు ముందు వరస పెద్దాయన.

ఆ మాట వెనక్కి పాకేలోగా అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "ఎవరూ కొట్టలేదు. ఇది లేజరు. ఆస్పత్రిలో లేజరు పెట్టారు, అంతే."

అంతకన్నా తేటగా ఆయన ఏనాడూ మాట్లాడలేదు. డిపో మైకు మాత్రం మాట మధ్యలో కాసేపు పోయి మళ్ళీ వచ్చే మైకు. ముందు వరస లేజరుతో పెట్టారని విన్నది. మధ్య వరసకి లేజరుతో కొట్టారని చేరింది. గేటు దగ్గరికి వచ్చేసరికి యాజమాన్యం మన అధ్యక్షుడి మీద లేజరు తుపాకీ ప్రయోగించి ఆస్పత్రి పాలు చేసిందని తేలిపోయింది.

"కాదయ్యా, నేనే వెళ్ళి పెట్టించుకున్నాను" అన్నాడాయన.

"చూశారా, ఎంత బెదిరించి పంపారో" అన్నాడు సవరణ మైకు లాక్కుని. "సొంతంగా పెట్టించుకున్నానని చెప్పిస్తున్నారు. నా సవరణ ఒక్కటే: ఎన్నికలు తరవాత, ముందు ఖండన."

ఖండించారు. మెకానిక్ అందరికన్నా గట్టిగా ఖండించి పోటీనుంచి తప్పుకున్నాడు. అధ్యక్షుడు గుండీలు పెట్టుకుంటూ, కాదు కాదని అంటూనే ఏకగ్రీవంగా ఎన్నికైపోయాడు.

మర్నాడు డిపో మేనేజరు నోటీసు బోర్డు మీద ఒక ప్రకటన అంటించాడు. తమ దగ్గర లేజరు ఆయుధాలేవీ లేవనీ, గతంలో కూడా లేవనీ, కొనే ఉద్దేశం కూడా లేదనీ అందులో రాసి ఉంది. అంతవరకూ నమ్మని నలుగురైదుగురు కూడా అది చదివాక నమ్మేశారు. లేనిదానికి ఇంత వివరంగా ఎవడు రాస్తాడని వాళ్ళ వాదన. బస్సులు ఎక్కడ ఆగిపోతాయోనన్న భయంతో మేనేజరు, మహిళా కండక్టర్లకి విశ్రాంతి గది కావాలన్న పాత కోరికని ఆ వారంలోనే మంజూరు చేశాడు. ఎన్ని వినతులిచ్చినా కదలని గది అది.

అధ్యక్షుడికి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఇంటికొచ్చి భార్యతో, "నిజం చెప్పానే. నమ్మలేదు" అన్నాడు.

"మొదటినుంచీ చెప్పుంటే నమ్మేవాళ్ళు" అని ఆవిడ దారం తెంపింది.

లేజరు ఇంకొన్ని విడతలు సాగింది. మచ్చ అణిగి, ఎరుపు చాలావరకు పోయి, పాలిపోయిన చారలా మిగిలింది. ఊదా మరకలు ఎప్పుడో పోయాయి. సభల్లో గుండీలు తియ్యడానికి కారణం లేకపోయింది. గుండీలు తియ్యని సభల్లో జనం ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. టైర్లేమయ్యాయన్నారు. ఆయన టైర్ల గురించి తెలుసుకోవలసి వచ్చింది.

ఆయన బస్సులో పనిచేసే కండక్టరమ్మ ఒకావిడ ఎండాకాలంలోనూ తలకి రుమాలు కట్టుకునేది. చలికి తట్టుకోలేదు కాబోలు అని అందరూ అనుకునేవారు. ఒక రోజు డిపోలో బస్సు దిగబోతూ ఆగి, "అన్నా, ఆ డాక్టరు ఆడవాళ్ళకి కూడా చూస్తుందా?" అని అడిగి రుమాలు పక్కకి జరిపింది. చెవి తమ్మె వెనక, కమ్మల కోసం కుట్టించుకున్న చోట, ద్రాక్షపండంత కండ వేలాడుతోంది.

"దురద పెడుతుందా అక్కా?"

"దురదా, పోటూ. ఆ చెవి మీద పడుకోలేను. సంస్థ ఆరోగ్య పథకంలో అడిగితే, అందానికి సంబంధించిన వైద్యాలకి డబ్బులు రావన్నారు."

అధ్యక్షుడు మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మేనేజరు ఆయన చొక్కా గుండీల వైపు భయంగా చూశాడు. ఆయన వాటి జోలికి పోలేదు. "సార్, ఇది అందం కాదు. నాకు వచ్చింది కాబట్టి చెప్తున్నా. నిద్ర ఉండదు" అన్నాడు. మేనేజరు పై ఆఫీసు అన్నాడు. ఆయన పై ఆఫీసుకి వెళ్ళాడు. వాళ్ళు నిబంధన చూపించారు. సంఘం నిబంధనలన్నీ కంఠతా వచ్చిన ఆ పాత ప్రత్యర్థిని ఇంటికెళ్ళి బతిమాలి వెంటబెట్టుకొచ్చాడు. నెలల తరబడి తిరిగితే, దురద, నొప్పి ఉన్నవాటికి పథకం వర్తిస్తుందని ఒక వాక్యం చేర్చారు. ఆ విషయం సభలో చెబితే ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఒకరు కండక్టరమ్మ. రెండోవారు అలవాటు కొద్దీ కొట్టారు.

కండక్టరమ్మకి డాక్టరు ముందు ఆ కండ తీసేసి, మళ్ళీ లేవకుండా ఇంజెక్షన్లూ లేజరూ మొదలుపెట్టింది. మొదటి లేజరు అయిన మర్నాడు ఆవిడ రుమాలు లేకుండా డ్యూటీకి వచ్చింది. తమ్మె అంతా కమిలినట్టు ఉంది. జనం పెద్దగా లేరు. డ్రైవరు వెనక సీట్లో కూర్చున్న ఒక ముసలావిడ చాలాసేపు తేరిపార చూసి, "చెవికి ఏమైందమ్మా, ఎవరైనా కొట్టారా?" అంది.

స్టీరింగు మీద అధ్యక్షుడి చేతులు బిగుసుకున్నాయి.

"కొట్టలేదు పెద్దమ్మా. కుట్టించుకున్న చోట కండ పెరిగితే వైద్యం చేయించుకుంటున్నా" అంది కండక్టరమ్మ. "మీరెక్కడ దిగాలి?"

"మార్కెట్టు."

టికెట్టు చింపి ఇచ్చింది. ముసలావిడ దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. ఇంత తేలికా అనుకుంటూ అధ్యక్షుడు గేరు మార్చాడు.